ఊళ్లో ఫ్లోర్ దొరకడం లేదు: కొత్త స్టూడియోలు ఎక్కడ రావాలి, ఎలాంటివి రావాలి?

సెట్‌మేస్త్రి | జనవరి 17, రాత్రి 10:20

అందరికీ నమస్తే. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో 22 ఏళ్లుగా ఉన్నాను. కార్పెంటర్‌గా మొదలై ఇప్పుడు సెట్ పని మొత్తం చూసుకుంటున్నాను. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను.

పోయిన నెల ఒక వెబ్ సిరీస్ కోసం పాతకాలం మండువా ఇల్లు సెట్ వేయాల్సి వచ్చింది. కింద హాలు, చెక్క మెట్లు, పైన నాలుగు వైపులా వరండా. షూటింగ్ 11 రోజులే. హైదరాబాద్‌లో ఉన్న స్టూడియోలకు ఫ్లోర్ కోసం, అంటే సెట్ వేసి షూటింగ్ చేసుకునే పెద్ద హాలు కోసం, వరసబెట్టి ఫోన్లు చేశాం. ఒకచోట రియాలిటీ షో నడుస్తోంది. ఒకచోట పెద్ద సినిమా సెట్ వేసి ఉంది. ఇంకోచోట ఖాళీ ఉంది గానీ మాకు కావలసిన ఎత్తు లేదు. చివరికి మేడ్చల్ దాటాక ఒక గోడౌన్ తీసుకున్నాం.

టేపు పెట్టి కొలిస్తే దూలం కింద 19 అడుగులు. పై వరండాలో ఆర్టిస్టు నిలబడితే తలకీ రేకుకీ మధ్య మూరెడు మిగల్లేదు. అందుకని వరండా ఎత్తు తగ్గించి, మెట్లలో మూడు తీసేశాం. గోడౌన్ మధ్యలో ఆరు స్తంభాలు. వాటిని కదిలించలేం కాబట్టి చుట్టూ ప్లైవుడ్ బిగించి, టేకు రంగు వేసి మండువా స్తంభాలుగా మార్చాం. లైట్లు వేలాడదీయడానికి పైన గ్రిడ్ లేదు, ఆ దూలాలు అంత బరువు మోయవు. ఇనుప పైపులతో కింద నుంచి పరంజా కట్టుకుంటూ వెళ్లాం. దానికే రెండు రోజులు పోయాయి. 70 మంది యూనిట్‌కి రెండు బాత్రూములు. ఆడవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో నేను చెప్పక్కర్లేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. గచ్చిబౌలిలో మూతపడ్డ అల్యూమినియం ఫ్యాక్టరీ ఎన్ని సినిమాల సెట్లకు చోటిచ్చిందో ఇండస్ట్రీలో అందరికీ తెలుసు. మూతపడ్డ ఫ్యాక్టరీ కోసం షెడ్యూళ్లు మార్చుకున్న రోజులున్నాయంటే మనకు ఫ్లోర్ల కరువు ఏ స్థాయిలో ఉందో చూడండి.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ప్రభుత్వం కడతానంటున్న కొత్త నగరం ఫ్యూచర్ సిటీలో స్టూడియోలు వస్తాయని వార్తలు వస్తున్నాయి. 2025 జులైలో అజయ్ దేవగన్ ఢిల్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిసి స్టూడియో ప్రతిపాదన పెట్టారు. డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం గ్లోబల్ సమిట్ పెట్టినప్పుడు కూడా స్టూడియోల మాట బాగా వినిపించింది. రావాలనే కోరుకుంటున్నాను. కానీ ఎకరాల గురించి తప్ప ఫ్లోర్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఎత్తు ఎంత, గ్రిడ్ ఎంత బరువు మోస్తుంది, పక్కన వర్క్‌షాప్ ఉందా, మనవాళ్లు అక్కడికి ఎలా చేరతారు? పని చేసేవాళ్లు చెప్పకపోతే ఇవి ఎవరికీ తట్టవు. మీరందరూ మీ మీ క్రాఫ్ట్ నుంచి చెప్పండి.

—

నాచారం_పాతకాపు | జనవరి 17, రాత్రి 11:05

మేస్త్రి గారూ, మంచి చర్చ పెట్టారు. నాకు 71 ఏళ్లు. ప్రొడక్షన్‌లో చేసి రిటైరయ్యాను. కొంచెం వెనక నుంచి చెబుతాను.

హైదరాబాద్‌లో మొదట ఉన్నది అమీర్‌పేట సారథి స్టూడియో. 1950ల చివర్లో వచ్చింది. అప్పటికి తెలుగు సినిమా అంటే మద్రాసే. ఇక్కడ స్టూడియో ఉన్నా ఆర్టిస్టులు, టెక్నీషియన్లు, ల్యాబులు అన్నీ అక్కడే కాబట్టి బండి కదల్లేదు. 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు గారు బంజారాహిల్స్‌లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ కట్టారు. ఆ చోటు అప్పుడు బండరాళ్లు, ముళ్లపొదలు. రాత్రిపూట అటు ఆటో వచ్చేది కాదు. ఎన్టీఆర్ గారు మా నాచారంలో రామకృష్ణ స్టూడియో పెట్టారు. తర్వాత కృష్ణ గారి పద్మాలయ, రామానాయుడు గారి స్టూడియో. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ రికార్డు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ప్రతి స్టూడియో వెనకా ఒక మనిషి ఉన్నాడు. సొంత సినిమాలు తీస్తూ, నష్టం వచ్చినా ఫ్లోర్ మూయకుండా నిలబడ్డ మనిషి. ప్రభుత్వం స్థలం ఇచ్చింది, ప్రోత్సాహకాలు ఇచ్చింది, అది నిజమే. కానీ నడిపింది మాత్రం పంతం. ఇప్పుడు అంత పంతం ఉన్నవాళ్లు ఎంతమంది? అందుకే ఈసారి పద్ధతి వేరుగా ఉండాలని నా ఉద్దేశం.

—

పుప్పాలగూడ_పద్మజ | జనవరి 18, ఉదయం 7:40

టీవీ వాళ్ల గోడు కూడా వినండి. డైలీ సీరియల్‌కి మేనేజర్‌గా చేస్తున్నాను. సినిమావాళ్లకు ఫ్లోర్ కొన్ని రోజులు దొరికితే చాలు. మాకు ఇల్లు కావాలి, అదీ రెండేళ్లు, మూడేళ్లు. కథ మొత్తం ఒక హాలు, ఒక పూజగది, వంటిల్లు, మెట్లు, మూడు బెడ్‌రూముల మధ్యే తిరుగుతుంది.

అందుకని మణికొండ, పుప్పాలగూడ, శంకర్‌పల్లి వైపు బంగళాలు అద్దెకు తీసుకుంటాం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఉదయం ఏడుకు జనరేటర్ వేస్తే పక్కింటాయన గేటు దగ్గర నిలబడతాడు. ఆయన తప్పేం లేదు, ఇంట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. క్యారవాన్, లైట్ల వ్యాన్, ఫుడ్ వ్యాన్, ఆర్టిస్టుల కార్లు కలిపి వీధి నిండిపోతుంది. స్కూల్ బస్సు తిరగడానికి చోటుండదు. మొన్న అత్తాకోడళ్ల సీన్ తీస్తుంటే ఎదురింట్లో కుక్కర్ విజిల్. ఆపమని ఎలా అడుగుతాం? నాలుగు విజిళ్లు వచ్చేదాకా ఆర్టిస్టులు కన్నీళ్లు ఆరిపోకుండా అలాగే కూర్చున్నారు. గ్లిజరిన్ మళ్లీ వెయ్యాల్సి వచ్చింది.

ఓనరు మధ్యలో ఇల్లు అమ్మేస్తే మా పరిస్థితి ఏంటి? నాకు ఒకసారి జరిగింది. ప్రేక్షకులు రెండేళ్లుగా చూస్తున్న ఇల్లు రాత్రికి రాత్రి మారిపోతే కథలో కారణం చెప్పాలి. రైటరు కూర్చుని ఆ కుటుంబానికి అప్పులు తెచ్చిపెట్టాడు, ఇల్లు వేలానికి పెట్టించాడు. ఒక అద్దె ఒప్పందం కోసం కథే వేరే దారి పట్టింది.

ముంబై గోరేగావ్ ఫిల్మ్ సిటీ మహారాష్ట్ర ప్రభుత్వానిది. 1977 నుంచి ఉంది, దాదాపు 520 ఎకరాలు. హిందీ సీరియళ్లు అక్కడ ఏళ్ల తరబడి సెట్లు వేసుకుని నడుపుకుంటాయి. మనకు అలాంటిది ఎందుకు ఉండకూడదు? రాజభవనాలు, విమానాశ్రయం సెట్లు నాకు వద్దు. ఇరవై మామూలు ఇళ్లు, మధ్యలో గోడలు, అందరికీ కలిపి ఒక కరెంటు సబ్‌స్టేషన్ ఇస్తే చాలు.

—

బూమ్‌మైక్ | జనవరి 18, ఉదయం 9:15

పద్మజ గారూ, కుక్కర్ విజిల్ దగ్గర నా గుండె కలుక్కుమంది. నేను లొకేషన్ సౌండ్ చేస్తాను.

మన ఇండస్ట్రీలో ఇన్నేళ్లూ డబ్బింగ్ మీద ఆధారపడ్డాం. షూటింగ్‌లో ఏ చప్పుడు వచ్చినా తర్వాత థియేటర్‌లో కూర్చుని గొంతు కలిపేవాళ్లం. అందుకే చాలా ఫ్లోర్లు వెలుతురు కోసం కట్టారు, నిశ్శబ్దం కోసం కట్టలేదు. ఇప్పుడు ఓటీటీ వాళ్లు సింక్ సౌండ్ అడుగుతున్నారు. ఆర్టిస్టు సెట్‌లో పలికిందే ఫైనల్. దాంతో ఫ్లోర్ అనే మాటకు అర్థమే మారిపోయింది.

నిజమైన సౌండ్ స్టేజ్ అంటే గది లోపల గది లాంటిది. బయటి గోడకీ లోపలి గోడకీ మధ్య ఖాళీ. పైకప్పు రేకు కాదు, బరువైనది. తలుపులు రెండు వరసలు, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. ఏసీ కూడా మామూలుది పనికిరాదు. డక్టులు బాగా వెడల్పుగా ఉండి గాలి నెమ్మదిగా రావాలి, లేకపోతే హుష్షుమనే శబ్దం ప్రతి డైలాగ్ కిందా వినిపిస్తుంది. జనరేటర్ దూరంగా, కరెంటు మాత్రం దగ్గరగా.

మేస్త్రి అన్న చెప్పిన లాంటి గోడౌన్లలో నేనూ చేశాను. పొద్దున పది దాటి ఎండ తగిలిందంటే రేకు వ్యాకోచించి టక్, టక్ మంటుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు మళ్లీ అదే. ఒక రోజు 14 టేకులు చేశాం. పదిహేనోది ఓకే అన్నాక హెడ్‌ఫోన్ తీసి చూస్తే డైరెక్టర్ కళ్లలో నీళ్లు. ఆర్టిస్టు మొదటి టేక్‌లోనే అద్భుతంగా చేసింది, అది వాడుకోలేకపోయాం. వాన వస్తే ఇక ప్యాకప్పే.

—

కృష్ణానగర్_లక్ష్మి | జనవరి 18, మధ్యాహ్నం 1:30

నేను జూనియర్ ఆర్టిస్టుని. మాట సూటిగా చెబుతా, ఏమీ అనుకోవద్దు.

తెల్లవారుజామున నాలుగున్నరకు కృష్ణానగర్ మెయిన్ రోడ్డు మీదకు వచ్చి చూడండి. టీ బండ్ల దగ్గర మా వాళ్లంతా నిలబడి ఉంటారు. లైట్‌మెన్లు, మేకప్ అసిస్టెంట్లు, కాస్ట్యూమ్ వాళ్లు, మేము. ప్రొడక్షన్ వ్యాన్లు వచ్చి ఎక్కించుకుంటాయి. వ్యాన్ తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. మెట్రో మొదలయ్యేది ఆరుకు, అప్పటికి మాకు సెట్‌లో మేకప్ కూడా అయిపోవాలి.

రామోజీ ఫిల్మ్ సిటీ షూటింగ్ అంటేనే మాకు పోనూ రానూ నాలుగు గంటలు. ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ఇక్కడి నుంచి 50 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. రాత్రి తొమ్మిదిన్నరకు ప్యాకప్ చెబితే నేను ఇల్లు చేరేది పన్నెండు దాటాక. మళ్లీ నాలుగున్నరకు రోడ్డు మీద ఉండాలి. నా చిన్నదానికి తొమ్మిదేళ్లు. షెడ్యూల్ నడిచినన్ని రోజులు దాని ముఖం నిద్రలోనే చూస్తాను.

2025 ఆగస్టులో 18 రోజులు సమ్మె చేశాం గుర్తుందిగా. వేతనాల గురించి మాట్లాడుకున్నాం, మంచిదే. దారిలో పోయే గంటల గురించి ఎవరూ మాట్లాడలేదు. స్టూడియో ఎక్కడ కట్టినా కట్టండి, దాని పక్కన మాకు ఉండటానికి గదులు, పిల్లలకు బడి ఉండాలి. లేదంటే మేము ఉన్నచోటికి దగ్గరగా కట్టండి.

—

సెట్‌మేస్త్రి | జనవరి 18, మధ్యాహ్నం 2:10

లక్ష్మక్కా, నువ్వు చెప్పిందే అసలు విషయం. మా కార్పెంటర్లు సగం మంది యూసుఫ్‌గూడ, ఇందిరానగర్, వెంకటగిరి. కొందరికి మణికొండలో సినిమా కార్మికుల కోసం కట్టిన చిత్రపురి కాలనీలో ఫ్లాట్లు వచ్చాయి. అది కూడా ఎంత పోరాడితే వచ్చిందో పెద్దలకు తెలుసు.

—

ప్లానింగ్_వంశీ | జనవరి 18, రాత్రి 8:45

నేను టౌన్ ప్లానర్‌ని, సినిమాకి బయటివాడిని. కొన్ని విషయాలు నా వైపు నుంచి చెబుతాను.

ఊళ్లో కొత్త స్టూడియో ఎందుకు రావడం లేదంటే భూమి ధర. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో 177 కోట్లకు వెళ్లింది. ఎకరం భూమిలో ఒక మంచి ఫ్లోర్, పార్కింగ్ పడతాయనుకోండి. దాని మీద వచ్చే అద్దె ఆ డబ్బుకి బ్యాంకు వడ్డీలో మూలకు కూడా రాదు. అదే స్థలంలో నలభై అంతస్తులు లేపొచ్చు. ఉన్న స్టూడియోల యజమానుల మీద కూడా ఈ ఒత్తిడి రోజూ ఉంటుంది. మద్రాసులో విజయా వాహినీ ఏమైందో తెలుసుగా? ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటి. ఇప్పుడు ఆ స్థలంలో ఆసుపత్రి, మాల్ ఉన్నాయి.

కాబట్టి దూరం వెళ్లక తప్పదని అందరూ అంటారు. 2014లో కేసీఆర్ గారు రాచకొండలో 2,000 ఎకరాల సినిమా సిటీ అన్నారు. అక్కడ కొండలు, గుట్టలు అందంగా ఉంటాయి, కానీ సిటీ రాలేదు. ఇప్పుడు 30,000 ఎకరాల ఫ్యూచర్ సిటీ. అది రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మేస్త్రి గారు గోడౌన్లలో మెట్లు కోసుకుంటూ కూర్చోవాలా?

నాకు వేరే దారి కనిపిస్తోంది. 2025 నవంబర్‌లో ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపల, దాన్ని ఆనుకుని ఉన్న పాత పారిశ్రామికవాడల భూములను వేరే అవసరాలకు మార్చుకోవచ్చు. దాదాపు 9,292 ఎకరాలు. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, ఉప్పల్, నాచారం, మౌలాలి, కాటేదాన్ లాంటి చోట్ల. రుసుము కట్టి అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు కట్టుకోవచ్చు. దీని మీద రాజకీయంగా చాలా గొడవ నడిచింది, అందులోకి నేను పోను. నేను అడిగేది ఒక్కటే. ఆ షెడ్లలో కొన్ని హెవీ ఇంజినీరింగ్ కోసం కట్టినవి. లోపల క్రేన్ తిరిగేది కాబట్టి ఎత్తు ఉంటుంది, మధ్యలో స్తంభాలు ఉండవు. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కరెంటు లైన్ ఉంటుంది. లారీ లోపలికి వచ్చి తిరగగలిగే రోడ్డు ఉంటుంది. సనత్‌నగర్ నుంచి కృష్ణానగర్ ఎంత దూరం? ఆటోలో పావుగంట, ఇరవై నిమిషాలు. భూమి వాడకం మార్చుకునే వాళ్లలో స్టూడియో ఫ్లోర్లు పెట్టేవాళ్లకు రుసుములో రాయితీ ఇచ్చి, కనీసం పాతికేళ్లు ఫ్లోర్‌గానే నడపాలన్న షరతు పెడితే చాలు.

—

నాచారం_పాతకాపు | జనవరి 18, రాత్రి 9:30

బాబూ వంశీ, కడుపు నిండింది. మా నాచారంలో సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఆ గేట్లు చూస్తుంటాను. గొలుసు కట్టి, తాళం తుప్పుపట్టి ఉంటాయి. లోపల షెడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్టీఆర్ గారు ఈ ప్రాంతానికి స్టూడియో తెచ్చిన రోజుల్లో దీన్ని ఊరి చివర అనేవాళ్లు. ఇప్పుడు నడిబొడ్డు.

—

బూమ్‌మైక్ | జనవరి 18, రాత్రి 10:00

వంశీ గారి ఆలోచన బాగుంది, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎత్తు ఉన్నంత మాత్రాన ఫ్లోర్ అయిపోదు. పక్కనే ఇంకో ఫ్యాక్టరీ ప్రెస్ మెషిన్ నడుస్తుంటే ఆ దడ నేల ద్వారా వస్తుంది, గోడ ఎంత మందంగా కట్టినా ఆగదు. ముందుగా ఒక రోజంతా అక్కడ మైక్ పెట్టి రికార్డు చేసి చూడాలి. గట్టి షెడ్డు దొరికితే మాత్రం లోపల రెండో గది కట్టుకోవచ్చు. కొత్తగా పునాది నుంచి కట్టడం కన్నా త్వరగా అవుతుంది.

—

కంపోజిటర్_స్వాతి | జనవరి 19, ఉదయం 11:20

ఎల్ఈడీ వాల్ (లొకేషన్‌ని వెనకే చూపించే పెద్ద తెర) వచ్చాక పెద్ద ఫ్లోర్లు అవసరమా అని మా ఆఫీసులో చర్చ నడుస్తుంటుంది. అన్నపూర్ణలో వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ఉంది. వెనక తెర మీద కాశ్మీర్ లోయ, ముందు ఆర్టిస్టు. పచ్చ తెర ముందు తీసిన షాట్లకు తర్వాత కంప్యూటర్‌లో వెనక దృశ్యం కలపడానికి మేము రాత్రంతా కూర్చుని చేసే పని కొంత అక్కడే అయిపోతుంది. కాబట్టి భవిష్యత్తులో స్థలం తక్కువే కావాలని నా నమ్మకం. వందల ఎకరాలు తీసుకునే ముందు ఇది కూడా ఆలోచించాలి.

—

సెట్‌మేస్త్రి | జనవరి 19, మధ్యాహ్నం 12:40

స్వాతమ్మా, నీ మాట కాదనను, సగం ఒప్పుకుంటాను. ఆ వాల్ ముందు నేను పని చేశాను. లోయ తెర మీద ఉంటుంది సరే, ఆర్టిస్టు నిలబడే నేల, రాయి, చెట్టు మొదలు, గుడిసె వాకిలి మేమే కట్టాలి. పైగా తెరలో మట్టి రంగు, ముందు మేము పోసిన మట్టి రంగు కలిసిపోవాలి. కెమెరాలో చూసుకుంటూ ఆ మట్టిలో గేరు కలిపి, మళ్లీ చల్లి, మళ్లీ చూసి, అలా అర్ధరాత్రి అయింది. మా పెయింటర్ ఆ రోజు చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "అన్నా, ఇది గోడకు రంగెయ్యడం కాదు, వెలుతురుకు రంగెయ్యడం." ఆ వాల్ పెట్టాలన్నా ఎత్తైన ఫ్లోరే కావాలి, ఇంకా ఎక్కువ కరెంటు, ఎక్కువ చల్లదనం కావాలి. ఎకరాలు తగ్గొచ్చు, ఫ్లోర్లు తగ్గవు.

—

చిన్న_నిర్మాత | జనవరి 19, సాయంత్రం 6:15

రెండు చిన్న సినిమాలు తీశాను. అందరూ ఫ్లోర్ అద్దె గురించి మాట్లాడతారు గానీ, డబ్బు ఎక్కడ పోతుందో చెబుతాను. నా రెండో సినిమాకి పోలీస్ స్టేషన్ సెట్. వెయ్యడానికి 13 రోజులు, షూటింగ్ 6 రోజులు, తీసేయడానికి 2 రోజులు. ఫ్లోర్ నా చేతిలో 21 రోజులుంది, కెమెరా తిరిగింది ఆరు రోజులు. సెట్ వేసే రోజులకు అద్దె తక్కువే, కానీ అద్దె అద్దేగా. ఆ 13 రోజులు ఫ్లోర్‌లో రంపం చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట ఇంకో నిర్మాత ఫ్లోర్ కోసం ఎదురుచూస్తున్నాడు.

పక్కనే వర్క్‌షాప్ ఉండి గోడలు, తలుపులు, కిటికీలు అక్కడ తయారుచేసి, ఫ్లోర్‌లోకి తెచ్చి నాలుగు రోజుల్లో బిగించేస్తే? ఉన్న ఫ్లోర్లతోనే ఎక్కువ సినిమాలు పడతాయి. కొత్త స్టూడియోల కన్నా ముందు చేయాల్సిన పని ఇదేనని నాకు అనిపిస్తుంది. ఇంకోటి. షూటింగ్ అయ్యాక ఆ పోలీస్ స్టేషన్ మొత్తం పగలగొట్టి లారీకెత్తి పాత కర్రల అడ్డాకు అమ్మేశాం. నెల తిరక్కుండా ఇంకో సినిమా వాళ్లు అచ్చం అలాంటిదే మళ్లీ వేశారు.

—

నాచారం_పాతకాపు | జనవరి 19, రాత్రి 7:00

మద్రాసు స్టూడియోల్లో ఇది ఉండేది. కార్పెంటరీ, మౌల్డింగ్, పెయింటింగ్ అన్నీ స్టూడియో సొంత డిపార్ట్‌మెంట్లు. మనుషులకు నెల జీతాలు. ఒక సినిమాలో వాడిన తలుపు రంగు మార్చుకుని ఇంకో సినిమాలో కనబడేది.

—

టొరంటో_తెలుగువాడు | జనవరి 20, ఉదయం 6:30

పుట్టింది ఎర్రగడ్డలో, 11 ఏళ్లుగా టొరంటోలో. ఇక్కడ కూడా స్టూడియోల కొరత ఉండేది. చెరువుగట్టు లాంటి పాత రేవు ప్రాంతం, పోర్ట్ ల్యాండ్స్ అంటారు, ఒకప్పుడు అంతా ఫ్యాక్టరీలు. అక్కడ 2008లో పెద్ద స్టూడియో వచ్చింది. తర్వాత నగరం తన సొంత స్థలాన్నే ఇంకో స్టూడియో కోసం అమ్మకుండా, లీజుకిచ్చే పద్ధతి ఎంచుకుంది. భూమి ఊరిదే, నడిపేది ప్రైవేటు.  వంశీ గారి షరతుకు ఇది దగ్గరగా ఉంది కాబట్టి చెబుతున్నాను. స్థలం చేతిలో ఉన్నంతకాలమే ఊరికి మాట చెల్లుతుంది.

—

యాచారం_నరేష్ | జనవరి 20, రాత్రి 9:50

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను. మాది యాచారం మండలం. ఫార్మా సిటీ కోసమని మా వైపు భూములు తీసుకున్నారు. మాది కూడా మూడెకరాలు పోయింది. ఇప్పుడు అదంతా ఫ్యూచర్ సిటీ పరిధిలోకి వచ్చింది.

మీరంతా ఫ్యూచర్ సిటీ దూరం అంటున్నారు. మీకు దూరం, మాకు ఇల్లు. లక్ష్మక్క కష్టం చదివితే బాధేసింది, ఆమె అడిగింది న్యాయమే. కానీ స్టూడియోలన్నీ సనత్‌నగర్‌లోనే పెట్టుకుంటే మా భూముల్లో చివరికి ఏమొస్తుంది? మా ఊరి పిల్లలు డిగ్రీ చదివి డెలివరీ బండ్లు నడుపుతున్నారు. మా దగ్గర స్టూడియో వస్తే సెక్యూరిటీ గార్డు ఉద్యోగం ఇస్తామంటారు, అది నాకు తెలుసు. మాకు అది వద్దు. సెట్ పని, లైట్ పని, సౌండ్ పని నేర్పుతారా? యూనియన్ కార్డు లేనిదే సెట్‌లో అడుగు పెట్టనివ్వరని విన్నాను. మాకు కార్డు ఎలా వస్తుంది?

—

పుప్పాలగూడ_పద్మజ | జనవరి 20, రాత్రి 10:25

నరేష్ తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. నిజం చెప్పాలంటే మా సీరియళ్లకు మీ వైపు చోటే సరిపోతుంది. మాది రోజూ మారే లొకేషన్ కాదు. మూడేళ్లు ఒకేచోట పని అంటే యూనిట్‌లో సగం మందిని అక్కడివాళ్లనే పెట్టుకోవచ్చు, బయటి నుంచి వచ్చేవాళ్లకు అక్కడే ఇల్లు తీసుకోవచ్చు. సినిమా ఫ్లోర్లు ఊళ్లో, సీరియల్ ఇళ్లు మీ దగ్గర. నాకు అలా కుదురుతుందనిపిస్తోంది.

—

కృష్ణానగర్_లక్ష్మి | జనవరి 21, ఉదయం 5:05

వ్యాన్‌లో కూర్చుని రాస్తున్నా. నరేష్, నీ మీద కోపం లేదు. మేము కూడా ఒకప్పుడు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. మాది తెనాలి దగ్గర. మీ ఊళ్లో పని దొరికితే మీ పిల్లలు కృష్ణానగర్ దాకా వచ్చి టీ బండి దగ్గర నిలబడే అవసరం రాదు. పద్మజ మేడమ్ చెప్పినట్టు అయితే నాకు ఇష్టమే.

—

ప్లానింగ్_వంశీ | జనవరి 21, మధ్యాహ్నం 3:30

ఇది ఇక్కడితో వదిలేయకూడదు. ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి ఒక వినతిపత్రం రాద్దాం. దిల్ రాజు గారు ఛైర్మన్‌గా ఉన్నారు, నిర్మాతగా ఫ్లోర్ల ఇబ్బంది ఆయనకూ తెలిసిందే. గాల్లో మాటలు కాకుండా ఒక షెడ్డు నిజంగా కొలిచి, డ్రాయింగ్ వేసి, ఇందులో ఇన్ని ఫ్లోర్లు, ఇంత వర్క్‌షాప్, ఇంత స్టోరేజ్ పడుతుందని చూపిద్దాం. సనత్‌నగర్‌లో మా బంధువులకు తెలిసినవాళ్ల షెడ్డు ఒకటి మూతపడి ఉంది. లోపలికి వెళ్లి చూడటానికి ఓనరు ఒప్పుకున్నారు. ఆదివారం కుదురుతుందా?

—

సెట్‌మేస్త్రి | జనవరి 21, సాయంత్రం 5:00

నేను వస్తాను. ఎత్తు, దూలాల మధ్య దూరం, లారీ తిరిగే చోటు నేను చూసుకుంటాను.

—

బూమ్‌మైక్ | జనవరి 21, సాయంత్రం 5:20

నేను మైకులు, రికార్డరు తెస్తాను. ఆదివారం పక్క ఫ్యాక్టరీలు ఆగి ఉంటాయి, కాబట్టి సోమవారం పగలు కూడా ఒకసారి వెళ్లాలి. ఓనరు గారిని అడిగి పెట్టండి.

—

సెట్‌మేస్త్రి | జనవరి 21, రాత్రి 8:10

నరేష్, నువ్వు కూడా రా. కార్డు సంగతి ఒక్క రోజులో తేలేది కాదు, యూనియన్ పెద్దలతో మాట్లాడాలి, మాట్లాడతాను. పని మాత్రం ఆదివారం నుంచే చూడొచ్చు. వంద అడుగుల టేపుకి రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. కొస గోడకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, అర అంగుళం జారితే దూలం దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. నేను ఈ పని నేర్చుకున్నది అలాగే, మా గురువు టేపుకి రెండో కొస పట్టుకుని.

—

యాచారం_నరేష్ | జనవరి 21, రాత్రి 9:15

వస్తాను అన్నా. ఎల్‌బీ నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగితే దగ్గరవుతుందా? మా తమ్ముడు ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చేశాడు. వాణ్ని కూడా తీసుకురావచ్చా?

—

సెట్‌మేస్త్రి | జనవరి 21, రాత్రి 9:25

ఎర్రగడ్డలోనే దిగు, తొమ్మిదికి స్టేషన్ కింద ఉంటాను. తమ్ముణ్ని తీసుకురా. వాడికి పెన్సిలు, నోటుబుక్కు తెచ్చుకోమను.